కేజన్ మసాలా పొడి: మూడు ఘాట్లు, విడిగా ఉప్పు

కేజన్ మసాలా అంటే అమెరికాలోని లూసియానా రాష్ట్రపు ఘాటైన మసాలా పొడి. కొన్న డబ్బాను వెనక్కి తిప్పి చూడండి. పదార్థాల పట్టీలో చాలాసార్లు మొట్టమొదట కనిపించేది ఉప్పే. అమెరికాలో ఆ పట్టీని బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. అంటే ఆ డబ్బాలో మరే దినుసు కన్నా ఉప్పే ఎక్కువ. దీనివల్ల వచ్చే చిక్కు పొయ్యి దగ్గర తెలుస్తుంది. ఘాటు చాలలేదని ఇంకో చెంచా వేస్తే నోట్లో పెట్టుకోలేనంత ఉప్పవుతుంది. ఉప్పుకు భయపడి చెయ్యి బిగపడితే వాసనా చాలదు, కారమూ చాలదు. ఇంట్లో కలుపుకుంటే ఈ పేచీ ఉండదు. ఉప్పును సీసా బయటే ఉంచి, మసాలాను కావలసినంత వేసుకోవచ్చు. అందుకే కింది కొలతల్లో ఉప్పు లేదు. అది ఎప్పుడు, ఎంత వేయాలో తర్వాత విడిగా ఉంది.

అసలు ఈ పొడి ఏ వంటలో పుట్టిందో తెలిస్తే, దాన్ని ఎక్కడ ధారాళంగా వేయాలో, ఎక్కడ ఆచితూచి వేయాలో తెలుస్తుంది. ఇప్పటి కెనడా తూర్పు తీరాన ఉన్న అకేడియా నుంచి ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలను బ్రిటిష్ వాళ్లు 1755 నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో కొందరు 1760లలో దక్షిణ లూసియానా చేరి, అక్కడి చిత్తడి నేలల్లో, వాగుల ఒడ్డున, మైదానాల్లో స్థిరపడ్డారు. అకేడియన్ అన్న మాటే నోళ్లలో నలిగి కేజన్ అయింది. దొరికిన చేప, రొయ్య, క్రాఫిష్ అనే మంచినీటి రొయ్యలాంటి జీవి, కోడి, పంది మాంసం, బియ్యం అన్నీ ఒకే పెద్ద కుండలో వండుకునే వంట వాళ్లది. ఆ కుండకు పునాది పొడి మసాలా కాదు. సన్నగా తరిగిన ఉల్లిపాయ, సెలెరీ కాడలు, పచ్చి క్యాప్సికం. ఈ మూడింటినీ కలిపి అక్కడ హోలీ ట్రినిటీ అంటారు. కుండ వంటల్లో వాసన, తీపి చాలావరకు వీటి నుంచే వచ్చేస్తాయి కాబట్టి పొడి తక్కువే పడుతుంది. పెనం మీద కాల్చే చేపకో, నిప్పుల మీద కాల్చే కోడికో ఆ ఆసరా ఉండదు. అక్కడ బరువంతా పొడే మోయాలి.

న్యూ ఓర్లీన్స్ వైపు చేసే క్రియోల్ మసాలా దీనికి దగ్గర చుట్టమే. అందులో ఒరెగానో, బేసిల్, థైమ్ లాంటి ఎండు ఆకుల పాలు ఎక్కువ, కేజన్ పొడిలో మిరప, మిరియాల పాలు ఎక్కువ. రెంటి మధ్య గట్టి గీత ఏమీ లేదు, ఇంటింటికీ మారుతుంది.

కొలతలు

మొత్తం సరిగ్గా 100 గ్రాములు వచ్చేలా ఇస్తున్నాం. ఏ దినుసు ఎన్ని గ్రాములో అదే దాని శాతం, కాబట్టి 250 గ్రాములు కావాలంటే ప్రతి అంకెనూ రెండున్నరతో హెచ్చిస్తే చాలు. చెంచా కొలతలు ఉజ్జాయింపు. ఒకే చెంచాలో రెండు కంపెనీల వెల్లుల్లి పొడి ఒకే బరువు తూగదు, కాబట్టి చిన్న త్రాసు ఉంటే దాన్నే నమ్మండి.

తీపి పాప్రికా (కారం లేని ఎర్ర మిరప పొడి) 28 గ్రాములు, అంటే 4 టేబుల్ స్పూన్లు
వెల్లుల్లి పొడి 20 గ్రాములు, 2 టేబుల్ స్పూన్లు
ఉల్లిపాయ పొడి 14 గ్రాములు, 2 టేబుల్ స్పూన్లు
నల్ల మిరియాలు 14 గ్రాములు, పొడి చేశాక 2 టేబుల్ స్పూన్లు
కయేన్ కారం 10 గ్రాములు, 2 టేబుల్ స్పూన్లకు కొంచెం తక్కువ
ఎండు ఒరెగానో ఆకు 6 గ్రాములు, 2 టేబుల్ స్పూన్లు
తెల్ల మిరియాలు 4 గ్రాములు, పొడి చేశాక ఒకటిన్నర టీ స్పూన్
ఎండు థైమ్ ఆకు 4 గ్రాములు, 4 టీ స్పూన్లకు కొంచెం తక్కువ

ఆకులు నలిపి కలిపాక ఈ పొడి టేబుల్ స్పూన్‌కు సుమారు 7 గ్రాములు తూగుతుంది. 250 మి.లీ. సీసాలో పోస్తే పైన కొంచెం ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ ఉండాలి, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

కారం తగ్గించాలంటే కయేన్ 5 గ్రాములకు దించి, పాప్రికా 33 గ్రాములకు పెంచండి. ఎక్కువ కావాలంటే కయేన్ 15, పాప్రికా 23. మొత్తం మారదు, మిగతావేవీ కదపనక్కర్లేదు. సెలెరీ గింజల పొడి ఒక గ్రాము కలిపితే కుండ వంటలకు బాగుంటుంది, కానీ సెలెరీ సాల్ట్ అని అమ్మేది మాత్రం వేయకండి, అది చాలావరకు ఉప్పే.

మూడు ఘాట్లు ఎందుకు

ఈ పొడికి ప్రాణం ఇక్కడుంది. చాలామంది తెల్ల మిరియాలు దొరకలేదనో, నల్లవి ఉన్నాయి కదా అనో వదిలేస్తారు. కారం మాత్రం కావాలని ఆ లోటును కయేన్‌తో పూడుస్తారు. అప్పుడు వచ్చేది ఎర్ర కారం పొడే తప్ప కేజన్ మసాలా కాదు.

కయేన్‌లో మంటకు కారణం క్యాప్సైసిన్. ఇది కొవ్వులో కరుగుతుంది, నీళ్లలో అంతగా కరగదు. నోట్లో నెమ్మదిగా ఎక్కి చాలాసేపు ఉండిపోతుంది. మిరియాల ఘాటు పైపెరీన్ అనే వేరే పదార్థానిది. అది చురుక్కుమని త్వరగా తగిలి త్వరగా తగ్గుతుంది. నల్ల మిరియం, తెల్ల మిరియం ఒకే తీగకు కాసిన కాయలు. పచ్చిగా కోసి తొక్కతో ఎండబెడితే నల్లవి. పండనిచ్చి, నీళ్లలో నానబెట్టి, తొక్క తీసి గింజను ఎండబెడితే తెల్లవి. మిరియానికి ఉండే ఘుమఘుమలాడే నూనెల్లో చాలా భాగం తొక్కలో ఉంటుంది. అందుకే నల్ల మిరియం ముందు వాసన ఇచ్చి తర్వాత ఘాటెక్కుతుంది, తెల్ల మిరియం సువాసన పెద్దగా లేకుండా నేరుగా చురుక్కుమంటుంది. మూడూ కలిస్తే మొదటి ముద్ద నుంచి మింగిన తర్వాత దాకా ఎక్కడా ఖాళీ లేకుండా ఘాటు సాగుతుంది, కానీ ఏ ఒక్కటీ నోరు మండించేంత ఉండదు.

దీన్ని స్వయంగా పట్టుకోవచ్చు. మూడు చిన్న గిన్నెల్లో తలా ఒక టీ స్పూన్ గోరువెచ్చని కరిగిన వెన్న పోసి, ఒకదాంట్లో చిటికెడు కయేన్, ఇంకోదాంట్లో చిటికెడు నల్ల మిరియాల పొడి, మూడోదాంట్లో తెల్ల మిరియాల పొడి కలపండి. ఉడికిన బంగాళదుంప ముక్కను ఒక్కోదాంట్లో అద్ది, మధ్య మధ్య రొట్టె నమిలి నోరు తేరనిచ్చి తినండి. ఏది ఎప్పుడు తగిలింది, ఏది ఎంతసేపు నిలిచింది అన్నది ఒక్కసారి గమనిస్తే, తర్వాత ఎవరు చేసిన పొడి అయినా నాలుక మీద వేసుకోగానే ఏది తక్కువైందో చెప్పగలుగుతారు.

తెల్ల మిరియాలతో ఒక జాగ్రత్త. నానబెట్టడంలో పులవడం వల్ల కొన్నింటికి పశువుల కొట్టం లాంటి వాసన పట్టుకుంటుంది. పొడిగా కొన్నవాటిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. గింజలుగా కొని, రెండు గింజలు నలిపి వాసన చూసి అప్పుడు వాడండి. 4 గ్రాములు మించనివ్వకండి, పొడి మొత్తం ఆ వాసనే పట్టేస్తుంది.

దినుసులు ఎంచుకునేటప్పుడు

పాప్రికా ఇందులో అన్నిటికన్నా ఎక్కువ పడేది, కానీ దాని పాతదనాన్ని ఎవరూ పట్టించుకోరు. తాజా పాప్రికా ముదురు ఎరుపులో ఉండి, కొంచెం తీపిగా, ఎండిన పండు వాసన వేస్తుంది. వెలుతురు తగిలి పాతబడిందైతే ఇటుక పొడి రంగుకు తిరిగి, నాలుక మీద మట్టిలా ఉంటుంది. నూటికి 28 పాళ్లు మట్టి అయితే మిగతా 72 ఎంత మంచివైనా పొడి లేవదు. పరీక్ష సులువు: ఒక చెంచా వేడి నూనెలో చిటికెడు వేయండి. నూనె వెంటనే ఎర్రబడాలి. పసుపు తిరిగి ఊరుకుంటే ఆ డబ్బా పక్కన పెట్టేయండి.

పొగ పెట్టిన పాప్రికా వేయమని చాలాచోట్ల రాస్తారు. అది స్పెయిన్ అలవాటు. కేజన్ వంటకు పొగ వాసన అందూయీ అనే పొగబెట్టిన సాసేజ్ నుంచి, టాసో అనే పొగబెట్టిన పంది మాంసం నుంచి వస్తుంది. ఆ రెండూ వేసిన కుండలో పొగ పాప్రికా కూడా పడితే పొగ మీద పొగ. కూరగాయలు, బీన్స్ మాత్రమే వండేటప్పుడు మాత్రం 28లో 8 గ్రాములు పొగబెట్టినది వేస్తే నప్పుతుంది.

కయేన్ కొనేటప్పుడు పేరు సరిగ్గా చదవాలి. అమెరికాలో చిల్లీ పౌడర్ అని అమ్మేది ఒట్టి మిరప పొడి కాదు. అందులో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి కలిపి ఉంటాయి, ఆ మిశ్రమం టెక్సస్ తరహా చిల్లీ కూర కోసం. అది వేస్తే పొడి అంతా జీలకర్ర వాసన కొడుతుంది, కేజన్ మసాలాలో జీలకర్రకు చోటు లేదు. కయేన్ ఘాటు స్కోవిల్ కొలతలో సాధారణంగా 30,000 నుంచి 50,000 మధ్య ఉంటుందని చెప్తారు. ఆ రెండు అంకెల మధ్య దూరం చూశారుగా. అందుకే కొత్త ప్యాకెట్ తెరిచినప్పుడు ముందు సగం కయేన్ మాత్రమే కలిపి, రుచి చూసి మిగతాది వేయండి. వేరే ఎండు మిరప పొడి వాడదలిస్తే రంగు చూసి మోసపోకండి. బాగా ఎర్రగా ఉన్నదంతా బాగా కారంగా ఉండాలని లేదు.

వెల్లుల్లి పొడి, ఉల్లిపాయ పొడి అచ్చమైనవి కావాలి. గార్లిక్ సాల్ట్, ఆనియన్ సాల్ట్ వేస్తే ఉప్పును వెనక గుమ్మం నుంచి లోపలికి పిలిచినట్టే. రవ్వలా ఉండే గ్రాన్యులేటెడ్ రకం తక్కువగా గడ్డకడుతుంది, కానీ పలుకు వేరు కాబట్టి చెంచాతో కొలిస్తే బరువులో తేడా వస్తుంది. తూకం వేస్తే ఈ బాధ లేదు.

ఒరెగానో, థైమ్ ఆకుగా ఉన్నవే కొనండి. అరచేతిలో నలిపితే గుప్పుమనాలి. ఎండుగడ్డి వాసన వస్తే ఎంత వేసినా లాభం లేదు, చేదు మాత్రం చేరుతుంది.

ఉల్లి, వెల్లుల్లి పొడులు ఇంట్లో చేసుకోవాలంటే

శ్రమకు తగ్గ ఫలితం వెల్లుల్లి పొడిలో ఎక్కువ. ఉల్లిపాయలో పదింట తొమ్మిది వంతులు దాదాపు నీళ్లే కాబట్టి కిలోకు 100 గ్రాముల చిల్లర పొడి వస్తుంది. వెల్లుల్లిలో నీళ్లు తక్కువ, ఒలిచిన కిలోకు 350 గ్రాముల పైన వస్తుంది. 3 మి.మీ. మందాన, అన్నీ ఒకే మందంగా కోసి ఒక వరుసలో పరచి, 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 8 నుంచి 12 గంటలు డీహైడ్రేటర్‌లో పెట్టండి. ఓవెన్ అయితే అది ఇవ్వగలిగే అతి తక్కువ వేడి మీద, తలుపు కొంచెం తెరిచి ఉంచి. వేడి పెంచితే త్వరగా అవుతుందనుకుంటారు, కానీ ఉల్లిలోని చక్కెర ఎర్రబడి పొడి గోధుమ రంగుకు తిరుగుతుంది, చేదెక్కుతుంది.

ఎండిందా లేదా అన్నది వేడి మీద తెలియదు. ఒక ముక్క బయటికి తీసి పూర్తిగా చల్లారాక విరవండి. టప్పున విరిగితే అయినట్టు, తోలులా వంగితే కాలేదు. ఆ వంగే ముక్కలు మిక్సీలో పడ్డాయంటే బ్లేడు చుట్టూ జిగురు ముద్ద తయారవుతుంది, ఇక దాన్ని పొడి చేయడం ఎవరి వల్లా కాదు. ఎండిన ముక్కలను కూడా ఏకబిగిన తిప్పకూడదు. ఐదారు సెకన్లు తిప్పి ఆపుతూ, జార్ వేడెక్కకుండా చూసుకోండి. వేడికి ఉల్లి, వెల్లుల్లి చక్కెరలు మెత్తబడి అతుక్కుంటాయి.

పొడి చేయడం, కలపడం

గిన్నె, చెంచా, మిక్సీ జార్, సీసా అన్నీ ఎముక ఎండినట్టు ఉండాలి. కడిగి గుడ్డతో తుడిచిన జార్‌లో బ్లేడు కింద తడి దాగి ఉంటుంది. ముందురోజే కడిగి బోర్లించండి.

మిరియాలను ఇష్టమైతే మూకుట్లో సన్న సెగ మీద రెండు నిమిషాలు, వేడెక్కి వాసన వచ్చే దాకా కదపండి. రంగు మారేదాకా ఉంచొద్దు, అసలు వేయించకపోయినా నష్టం లేదు. పొడులను, ఆకులను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయించకండి. పాప్రికా కొన్ని సెకన్లలోనే మాడి చేదవుతుంది. అవి వేగాల్సింది వంటలో, కొవ్వులో. మిరియాలు పూర్తిగా చల్లారాక సన్న రవ్వంత పలుకు వచ్చేలా పొడి చేయండి. మరీ బరకగా ఉంటే సీసాలో విడిపోతాయి, నోట్లో ఒక్కోచోట ఒక్కసారిగా తగులుతాయి.

ఎండు మిరపకాయలు తెచ్చి కయేన్ కూడా ఇంట్లోనే పొడి చేసుకునేవాళ్లు తొడిమ తీసి, సగం గింజలు దులిపి, 90 నుంచి 100 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నుంచి పది నిమిషాలు పెట్టి కరకరలాడేలా చేయాలి. తిప్పడం ఆపగానే మూత తీయొద్దు. పది నిమిషాలు ఆగితే గాల్లో లేచిన కారం దిగుతుంది. ముక్కుకు గుడ్డ, తెరిచిన కిటికీ, కళ్లకు తగలని చేతులు, ఇవి మూడూ తప్పనిసరి.

ముందుగా పాప్రికా, వెల్లుల్లి పొడి, ఉల్లిపాయ పొడి, కయేన్ నాలుగింటినీ కలిపి సన్న జల్లెడ పట్టండి. జల్లెడలో మిగిలిన ఉండలను చెంచా వెనకతో నలిపి దించండి. ఈ పని ఎగ్గొడితే వేయించిన కోడిముక్క మీద వెల్లుల్లి ఉండ ఒకచోట నల్లగా మాడి కూర్చుంటుంది. తర్వాత మిరియాల పొడులు కలపండి. చివర ఆకులను అరచేతుల మధ్య నలిపి పుల్లలు ఏరేసి వేయండి. మిక్సీలో వేస్తే థైమ్ ఆకుపచ్చ దుమ్మయిపోయి, పొడి రంగు బురదలా మారుతుంది, థైమ్ వాసన మిగతావాటిని మింగేస్తుంది. ఫ్రెంచ్ ఫ్రైస్, పాప్‌కార్న్ మీద చల్లడానికైతే మాత్రం కావలసిన కొంచెం పొడిని తీసి మళ్లీ మెత్తగా తిప్పుకోండి. ఆకు ముక్కలు వాటికి అంటవు, గిన్నె అడుగున చేరతాయి.

రుచి చూడటం వేలితో కాదు. పచ్చి పొడిలో కయేన్, వెల్లుల్లి ముందుకు వస్తాయి, మిగతావి తెలియవు. ఒక టేబుల్ స్పూన్ వెన్న కరిగించి అర టీ స్పూన్ పొడి వేసి, సన్న సెగ మీద అర నిమిషం ఉంచి, చిటికెడు ఉప్పు కలిపి బంగాళదుంప మీద వేసుకుని చూడండి. ఉప్పు లేకుండా చూస్తే ప్రతి పొడీ చప్పగా, చేదుగానే అనిపిస్తుంది.

ఉప్పు లెక్క

ఎముకలు లేని మాంసం, కోడి, చేప కిలోకు 20 గ్రాముల పొడి, 12 గ్రాముల ఉప్పు. అర కిలో ఒలిచిన రొయ్యలకు టేబుల్ స్పూన్ పైన కొంచెం పొడి, 5 గ్రాముల ఉప్పు. కోడి ముక్కలకు ముందుగా ఉప్పు పట్టించి అరగంట ఆగి, పైకి ఊరిన తడి మీద పొడి రుద్దితే బాగా పట్టుకుంటుంది. రొయ్యలకు అంత ముందు ఉప్పు వద్దు, నీరొదిలేస్తాయి.

జంబలాయా (మాంసం, సాసేజ్ కలిపి వండే అన్నం), గంబో (చిక్కటి పులుసు లాంటిది) వండేటప్పుడు సాసేజ్‌లో, టాసోలో, కొన్న స్టాక్‌లో, అంటే ఎముకలు ఉడికించిన రసంలో, అప్పటికే ఉప్పుంది. అవి ఉడికి ఉప్పు వదిలాక రుచి చూసి వేయాలి. జంబలాయాలో బియ్యం పోసేముందు రసం తినాలనుకున్న దానికన్నా కొంచెం ఉప్పగా ఉండాలి, బియ్యం ఆ ఉప్పును లాగేస్తుంది.

చల్లుకోవడానికి ఉప్పు కలిసిన డబ్బా ఒకటి కావాలనుకుంటే 100 గ్రాముల పొడికి 35 గ్రాముల సన్న ఉప్పు. దానిమీద పేరు రాసి పెట్టండి, లేకపోతే ఎప్పుడో ఒకరోజు రెండుసార్లు ఉప్పు పడుతుంది. చెంచాతో కొలిచేవాళ్లకు ఇంకో హెచ్చరిక: టేబుల్ స్పూన్ సన్న ఉప్పు 18 గ్రాములు తూగితే, పలుకు పెద్దగా ఉండే కోషర్ ఉప్పు రకాన్ని బట్టి 9 నుంచి 15 గ్రాములే తూగుతుంది.

వంటలో

ఈ పొడికి పెద్ద పరీక్ష బ్లాకెనింగ్, అంటే మసాలా పట్టించిన చేపను బాగా కాలిన పెనం మీద పైపొర నల్లబడేలా కాల్చడం. ఓపెలూసాస్‌లో పుట్టిన పాల్ ప్రూడోమ్ 1979లో న్యూ ఓర్లీన్స్‌లో తెరిచిన కె-పాల్స్ హోటల్ నుంచి ఈ పద్ధతి దేశమంతా పాకింది. ఆయన వండిన రెడ్‌ఫిష్‌కు ఎంత గిరాకీ వచ్చిందంటే, 1980లలోనే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఆ చేపను అమ్మకానికి పట్టడం మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. క్యాట్‌ఫిష్, స్నాపర్ లాంటి గట్టి కండ ఉన్న చేప ఏదైనా పనికొస్తుంది. ముక్క మందం 1.5 నుంచి 2 సెం.మీ. ఉండాలి. మందంగా ఉంటే పైన మాడేసరికి లోపల పచ్చిగా ఉంటుంది.

మందపాటి ఇనుప పెనాన్ని ఖాళీగా పెద్ద మంట మీద ఎనిమిది పది నిమిషాలు కాల్చండి. నాన్‌స్టిక్ పెనం వద్దు, ఆ వేడికి పూత చెడి హానికరమైన ఆవిర్లు వస్తాయి. చేప ముక్కను గుడ్డతో అద్ది పూర్తిగా పొడి చేసి, కరిగిన వెన్నలో ముంచి, ఒక్కో వైపు ఒక టీ స్పూన్ పొడి, చిటికెడు ఉప్పు చల్లి వెంటనే పెనం మీద వేయండి. వైపుకు రెండేసి నిమిషాలు. మంటలు లేవకుండా వెన్నను పెనం మీద పోయకండి, చేపను ముంచే పద్ధతి అందుకే. పెద్ద మూత ఒకటి చేతికి అందేలా ఉంచుకోండి. పొగ దట్టంగా వస్తుంది, ఆరుబయట పొయ్యి ఉంటే అదే మేలు. నలుపు అంటే బొగ్గు కాదు. వెన్నలోని పాల పదార్థం, పాప్రికా, ఉల్లి చక్కెరలు ముదురు గోధుమ రంగుకు తిరిగి పెళుసైన పొరగా అవ్వాలి. నాలుకకు చేదు తగిలితే పొడి ఎక్కువైంది, లేదా చక్కెర కలిసిన పొడి వాడారు. కొన్న డబ్బాల్లో చక్కెర ఉంటే ఈ వంటకు అసలు పనికిరాదు.

కుండ వంటల్లో ట్రినిటీ మెత్తబడ్డాక పొడి వేసి, ఆ కొవ్వులో అర నిమిషం నుంచి నిమిషం దాకా కలిపి, వెంటనే స్టాక్ పోయండి. రంగు, కారం కొవ్వులోకి దిగేది ఆ నిమిషంలోనే. రెండు కప్పుల బియ్యంతో చేసే జంబలాయాకు రెండు టేబుల్ స్పూన్లు చాలు. మూడు లీటర్ల గంబోకు ఒక టేబుల్ స్పూన్ మొదట వేసి, దించడానికి పావుగంట ముందు రుచి చూసి ఇంకొంచెం. గంబోకు రంగు మాడీ మాడనట్టు వేగిన రూ (కొవ్వులో వేయించిన మైదా) నుంచి వస్తుంది, పాప్రికా కోసం పొడి గుమ్మరించనక్కర్లేదు.

వేపుళ్లకు 250 గ్రాముల మైదాలో రెండు టేబుల్ స్పూన్ల పొడి, 5 గ్రాముల ఉప్పు. నూనె 170 నుంచి 175 డిగ్రీలు. పిండిలో పాప్రికా ఉంది కాబట్టి పైపొర త్వరగా ఎర్రబడి, ఉడికిందని మోసం చేస్తుంది. కోడి లోపల 74 డిగ్రీలు చేరిందో లేదో థర్మామీటర్‌తోనే చూడండి. మొక్కజొన్న పొత్తులకు, కాల్చిన బంగాళదుంపలకు 100 గ్రాముల మెత్తని వెన్నలో రెండు టీ స్పూన్ల పొడి కలిపి ఉంచుకుంటే చాలు.

క్రాఫిష్ బాయిల్‌కు ఈ పొడి కాదు. ఆ నీళ్లలో వేసే మసాలాలో ఆవాలు, ధనియాలు, బే ఆకు, సోంపును పోలిన డిల్ గింజలు, లవంగం లాంటివి పొడి చేయకుండా అలాగే ఉంటాయి.

తేడా వచ్చినప్పుడు

కారం మరీ ఎక్కువైతే కయేన్ లేకుండా మిగతా ఏడు దినుసులు 90 గ్రాములు మళ్లీ కలిపి పాతదాంట్లో పోయండి. కయేన్ పదో వంతు నుంచి ఇరవయ్యో వంతుకు దగ్గరగా దిగుతుంది. ఒట్టి పాప్రికా పోసి సరిచేయాలని చూస్తే కారంతోపాటు మిగతా అన్ని రుచులూ పలచబడతాయి.

వంట చేదుగా ఉంటే తప్పు సీసాలో ఉందా, పెనంలో ఉందా అన్నది ముందు తేల్చుకోండి. పైన చెప్పిన వెన్న పరీక్షలో చేదు లేకపోతే పొడి మంచిదే, నూనె మరీ కాగినప్పుడు వేశారు. పరీక్షలోనూ చేదుంటే పాత ఒరెగానో, ఎక్కువైన థైమ్, ఎర్రబడిన ఉల్లిపాయ పొడి, ఈ మూడింట్లో ఒకటి.

గడ్డకట్టడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఆవిరే. ఉడుకుతున్న కుండ మీద సీసా వంచి దులిపితే ఆవిరి నేరుగా లోపలికి పోతుంది, ఉల్లి, వెల్లుల్లి పొడులు ఆ తేమను పీల్చి రాయిలా బిగుసుకుంటాయి. పొడిని చిన్న గిన్నెలోకి తీసుకుని అక్కడి నుంచి వేయండి. పచ్చి మాంసం ముట్టుకున్న చెయ్యి సీసాలోకి వెళ్లకుండా కూడా ఇదే కాపాడుతుంది. గట్టిపడిన పొడి మంచి వాసనే వేస్తుంటే నలిపి జల్లెడ పట్టి త్వరగా వాడేయొచ్చు. ముక్కవాసన వచ్చినా, బూజు చుక్క కనిపించినా మొత్తం పారేయండి.

గాజు సీసాలో, గట్టి మూతతో, పొయ్యికి దూరంగా చీకటి అరలో పెట్టండి. ఆరు నెలలు బాగుంటుంది, ఆ తర్వాత చెడిపోదు కానీ నీరసిస్తుంది. నిలవ ఉంటే బరువైన పొడులు అడుగుకు, ఆకులు పైకి చేరతాయి. వాడే ముందు ప్రతిసారీ సీసాను తలకిందులుగా రెండుమూడుసార్లు తిప్పండి. పైన ఖాళీ ఉంచమన్నది ఇందుకే, నిండుగా కూరితే పొడి కదలదు.

ఫిలే పొడిని మాత్రం ఈ సీసాలో కలపకండి. అది సాసఫ్రాస్ చెట్టు ఆకుల పొడి, చోక్తా ప్రజల నుంచి లూసియానా వంటలోకి వచ్చింది. గంబోను చిక్కబరుస్తుంది, కానీ మరిగితే తీగలు తీగలుగా సాగుతుంది. పొయ్యి మీంచి దించాక, లేదా ఎవరి గిన్నెలో వాళ్లు, పావు టీ స్పూన్ చల్లి కలుపుకోవాలి.